టీబీ మిగిల్చిన తొర్రలోని బూజు ఉండ, మిరపకాయల బూజు విషం: రెండూ ఒకటేనా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారికి 58 ఏళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట టీబీ వచ్చి, ఆరు నెలలు మందులు వాడాక నయమైంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కల్లాల్లోనూ కోల్డ్ స్టోరేజీల్లోనూ చాలాకాలం పనిచేశారు. నాలుగు నెలలుగా దగ్గు తగ్గడం లేదు, మనిషి చిక్కిపోతున్నారు, కళ్ళెలో అప్పుడప్పుడు రక్తపు చారలు పడుతున్నాయి. కళ్ళె పరీక్షలో టీబీ క్రిములు లేవు. సీటీ స్కాన్‌లో మాత్రం కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక ఖాళీ గది, దానిలో మూడు సెంటీమీటర్ల ఉండ కనబడ్డాయి. డాక్టరుగారు దాన్ని ‘ఆస్పర్జిల్లస్ ఫంగల్ బాల్’, అంటే ఆస్పర్జిల్లస్ అనే బూజు కట్టిన ఉండ అన్నారు. ఇది మిరపకాయల బూజు విషం వల్ల వచ్చిందా, ఆ ఉండ లోపల అఫ్లటాక్సిన్ అనే ఆ విషాన్ని వదిలి క్యాన్సర్ తెస్తుందా, ఇంట్లో పిల్లలకు అంటుతుందా, ‘ఎందుకైనా మంచిది, మళ్ళీ టీబీ మందులు మొదలుపెట్టండి’ అన్న ఇంకొకరి సలహా పాటించాలా అన్నవి మీ ప్రశ్నలు.

ఇరవై ఏళ్ళకు పైగా ఛాతీ జబ్బులకు వైద్యం చేస్తున్నవాడిగా ముందు సూటిగా జవాబులు చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గదిలో పడుకున్నా పిల్లలకు రాదు. ఊపిరితిత్తిలో ఇలాంటి ఉండను కట్టే బూజు సాధారణంగా ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే జాతి, అది అఫ్లటాక్సిన్‌ను తయారుచేయదు. మిరపకాయల్లోనూ వేరుశెనగలోనూ అఫ్లటాక్సిన్ తయారుచేసేది ప్రధానంగా దాని దాయాది అయిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆ విషం దెబ్బతీసేది ప్రధానంగా కాలేయాన్ని. ఇక టీబీ మందుల విషయం: కళ్ళెలో గానీ, క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో గానీ టీబీ ఉన్నట్టు రుజువు లేకుండా వాటిని మళ్ళీ మొదలుపెట్టవద్దు. ఈ సలహాను కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఎందుకో కింద తెలుస్తుంది.

ఆస్పర్జిల్లస్ సిద్ధబీజాలు, అంటే బూజుకు విత్తనాల్లాంటి రేణువులు, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఒక్కొక్కటి రెండు మూడు మైక్రాన్ల పరిమాణంలోనే ఉంటుంది గనుక, ముక్కులోనూ గొంతులోనూ చిక్కకుండా ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా చేరిపోతుంది. మనమందరం రోజుకు కొన్ని వందల సిద్ధబీజాలను పీలుస్తూనే ఉంటాం. పెంటకుప్పలోనూ, తడిసిన గడ్డివాములోనూ, ఎండుటాకుల కుప్పలోనూ ఈ బూజు హాయిగా పెరుగుతుంది. కుళ్ళే కుప్ప లోపలి వేడి 50 డిగ్రీలకు చేరినా తట్టుకుంటుంది కాబట్టి, మన ఒంట్లోని 37 డిగ్రీలు దానికి ఒక లెక్కలోది కాదు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిలో పడ్డ సిద్ధబీజాన్ని అక్కడి భక్షక కణాలు మింగేస్తాయి, అది మొలకెత్తితే రక్తంలోంచి వచ్చే న్యూట్రోఫిల్ కణాలు దాని పోగులను చంపేస్తాయి. అందువల్ల కోట్లమంది పీల్చినా జబ్బుపడేది కొద్దిమందే.

మీ నాన్నగారి విషయంలో తేడా ఆ ఖాళీ గదే. టీబీ తగ్గేటప్పుడు, కుళ్ళిన భాగం కళ్ళెగా బయటికి పోయి, దాని స్థానంలో గట్టి గోడలున్న తొర్ర మిగలవచ్చు. చెట్టు తొర్రలో వాననీరు నిలిచి ఆకులు కుళ్ళినట్టు, గాలి ఆడి తేమ నిలిచే ఆ తొర్రలోకి రక్షణ కణాలు సరిగా చేరవు. అక్కడ పడ్డ సిద్ధబీజం మొలకెత్తి, దాని పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని, కఫంతోనూ చచ్చిన కణాలతోనూ కలిసి ఒక ఉండలా మారతాయి. సీటీలో ఆ ఉండ పైన నెలవంక ఆకారంలో గాలి కనబడుతుంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి, బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి స్కాన్ తీస్తే, ఎండిన కాయలో గింజ దొర్లినట్టు ఆ ఉండ ఇటునుంచి అటు జారుతుంది. గోడకు అతుక్కుని కదలని గడ్డ అయితే క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడం మరింత అవసరం. మీరు పంపిన రిపోర్టులో కదలిక గురించి ఏమీ రాయలేదు. రేడియాలజిస్టును ఆ ఒక్క మాట అడగండి.

ఇది అరుదైన సంగతి కాదు. బ్రిటన్‌లో 1960ల చివర టీబీ నయమై, రెండున్నర సెంటీమీటర్లు లేదా అంతకన్నా పెద్ద తొర్ర మిగిలిన 544 మందిని పరీక్షిస్తే, సుమారు నాలుగో వంతు మంది రక్తంలో ఆస్పర్జిల్లస్‌ మీద యాంటీబాడీలు కనబడ్డాయి. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ టీబీ రోగులున్న మన దేశంలో ఇలాంటి తొర్రలతో తిరుగుతున్నవారు ఎందరుంటారో ఊహించుకోండి. టీబీ మందుల కోర్సు పూర్తయిన రోజున ‘ఇక మీకు బాగైపోయింది’ అని చెప్పి పంపేస్తాం గానీ, ‘మీ ఊపిరితిత్తిలో తొర్ర మిగిలింది, ఎప్పుడైనా కళ్ళెలో రక్తం పడితే వెంటనే రండి’ అని చెప్పడం చాలాచోట్ల జరగదు. ఆ ఒక్క మాట కార్డు మీద రాసి ఇచ్చినా ఎంతో మేలు జరుగుతుందని నా నమ్మకం.

ఇప్పుడు బూజు విషాల సంగతి. మీ భయం నిరాధారమైనది కాదు, తప్పు చోట తగులుకున్నది, అంతే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. వాటి మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశెనగ చెక్కలో బూజు విషం ఉందని తేలింది. ఆస్పర్జిల్లస్ పేరులోని ‘అ’, ఫ్లేవస్‌లోని ‘ఫ్లా’ కలిపి దానికి అఫ్లటాక్సిన్ అని పేరుపెట్టారు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేవాటిని బీ1, బీ2 అనీ, ఆకుపచ్చగా మెరిసేవాటిని జీ1, జీ2 అనీ పిలిచారు. మన దేశంలో 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు పల్లెల్లో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్న గిరిజన కుటుంబాల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరడం మొదలై 397 మంది జబ్బుపడ్డారు, వారిలో 106 మంది చనిపోయారు. దాన్ని పరిశోధించి కారణం అఫ్లటాక్సినే అని లోకానికి తెలియజేసినవారిలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ముందున్నారు. ఆ కుటుంబాల్లో మొదట గమనించిన విషయాల్లో ఒకటి, అదే మొక్కజొన్న తిన్న కుక్కలు కూడా అలాగే జబ్బుపడి చావడం.

కొద్ది మోతాదులో ఏళ్ళ తరబడి లోపలికి వెళ్ళే అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది, హెపటైటిస్ బీ కూడా ఉన్నవారిలో ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మామూలు వంట వేడికి ఇది పూర్తిగా నశించదు. కాబట్టి బూజుపట్టిన పల్లీలను వేయించి పచ్చడి చేసుకుంటే విషం పోతుందనుకోవడం పొరపాటు. నేరుగా తినే వేరుశెనగలో యూరోపియన్ యూనియన్ అనుమతించేది కిలోకు 4 మైక్రోగ్రాములు, అంటే ఒక టన్ను గింజల్లో 4 మిల్లీగ్రాములు మాత్రమే. ఎండుమిర్చిలో అది కిలోకు 10 మైక్రోగ్రాములు. గింజ ఊరే దశలో బెట్ట తగిలితే చేలో ఉండగానే వేరుశెనగకు ఈ బూజు పడుతుంది గనుక అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలకు ఇది పాత సమస్య. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో అఫ్లటాక్సిన్‌ను కొలిచే ఎలైజా పరీక్షను అభివృద్ధి చేసింది అందుకే. మిర్చి విషయంలో అసలు తప్పులు కల్లంలోనే జరుగుతాయి. నేల మీద నేరుగా ఆరబోయడం, మంచుకు తడవనివ్వడం, బస్తాలకెత్తే ముందు కాయ విరగకుండా నీళ్ళు చల్లడం అలాంటివి. తాలుకాయలను వేరుచేసి, టార్పాలిన్ మీద గలగలలాడేలా ఆరబెట్టిన కాయకు ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

ఇదంతా తిండి ద్వారా కాలేయానికి జరిగే హాని. తొర్రలోని ఉండకు దీనితో సంబంధం లేదు. ఆ ఉండ కూడా విషాలు తయారుచేస్తుంది, అవి వేరు, వాటి పనీ వేరు.

ఫ్యూమిగేటస్ తయారుచేసే వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా పరిశోధించింది గ్లయోటాక్సిన్. 1936లోనే వేరే నేల బూజులో దీన్ని కనుగొన్నారు. దీని అణువులో రెండు గంధకపు పరమాణువులు వంతెనలా కలిసి ఉంటాయి, ఆ వంతెనే దీని కోర. ఊపిరితిత్తుల గొట్టాల లోపల కఫాన్ని పైకి నెట్టే సన్నని కేశాల కదలికను ఇది మందగింపజేస్తుంది, బూజును చంపడానికి వచ్చిన న్యూట్రోఫిల్ కణాలు ఆ పనికి వాడే ఆయుధాన్ని పనిచేయకుండా ఆపుతుంది. దీని పాత్ర ఎంతన్నది ఎలుకల మీద ప్రయోగాల్లో తేటతెల్లమైంది. గ్లయోటాక్సిన్ తయారుచేయలేకుండా జన్యువు తీసేసిన బూజును స్టెరాయిడ్లు ఇచ్చిన, కానీ న్యూట్రోఫిల్ కణాలు ఉన్న ఎలుకల్లో ఎక్కిస్తే జబ్బు తీవ్రత తగ్గింది. అదే బూజును, అసలు న్యూట్రోఫిల్ కణాలే లేకుండా చేసిన ఎలుకల్లో ఎక్కిస్తే తీవ్రతలో మార్పు లేదు. ఆపడానికి శత్రువే లేనప్పుడు ఆ విషానికి పనేముంది? ఒక పదార్థం పేరులో ‘టాక్సిన్’ ఉన్నంత మాత్రాన అది ప్రతి రోగిలోనూ ఒకే హాని చేస్తుందని అనుకోకూడదని నేను జూనియర్ డాక్టర్లకు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణనే వాడతాను.

మిగతా పదార్థాలు కూడా ఇలాగే బూజుకు బతుకుదెరువు కోసమే ఉన్నాయి. ప్రయోగశాలలో పళ్ళెం మూత తీసి చూస్తే ఫ్యూమిగేటస్ పొగరంగు కలిసిన ఆకుపచ్చ పొడిలా ఉంటుంది. ఆ రంగునిచ్చేది మెలనిన్. ఆ రంగు లేకుండా తెల్లగా పుట్టిన సిద్ధబీజాలను భక్షక కణాలు తేలిగ్గా చంపగలుగుతాయి, అంటే ఆ రంగు దానికి కవచం. దాని పైన నీటిని అంటనివ్వని ప్రొటీన్ పొర ఒకటి ఉంటుంది, తామరాకు మీద నీటిబొట్టులా నీరు దాని మీద నిలవదు. ఆ పొర ఉన్నంతసేపు మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టదు. ఇనుము కోసం సిడెరోఫోర్లనే అణువులను బయటికి వదిలి, మన ఒంట్లోని ఇనుమును గుంజుకుంటుంది. ఉండ కట్టింది ఆస్పర్జిల్లస్ నైగర్ అయితే అది ఆక్సాలిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అది కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా మారి, చుట్టుపక్కల కణజాలాన్నీ సన్నని రక్తనాళాలనూ గాయపరుస్తుంది. ఒకసారి మా పాథాలజీ గదిలో ఒక రోగి కళ్ళెను ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద చూశాను. నల్లటి తెర మీద పగిలిన గాజుముక్కల్లా ఆ స్ఫటికాలు మెరుస్తుంటే, కల్చర్ రిపోర్టు రాకముందే ఏ బూజో ఊహించగలిగాం. అదే నైగర్‌ను పెద్ద పెద్ద తొట్టెల్లో పెంచి, మన వంటింట్లో నిమ్మ ఉప్పు పేరుతో వాడే సిట్రిక్ ఆమ్లంలో అధికభాగాన్ని తయారుచేస్తున్నారు. 1917లో జేమ్స్ కర్రీ అనే అమెరికన్ శాస్త్రవేత్త కనుగొన్న పద్ధతే దానికి మూలం. నిమ్మ ఉప్పును శుద్ధి చేసి అమ్ముతారు, దాన్ని చూసి భయపడనక్కరలేదు.

మీ నాన్నగారికి రక్తం పడటానికి అసలు కారణం ఏ ఒక్క విషమూ కాదు. తొర్ర గోడలో ఏళ్ళ తరబడి వాపు ఉండటం వల్ల, శ్వాసనాళాలకు రక్తం తెచ్చే ధమనులు అక్కడ ఉబ్బి, మెలికలు తిరిగి, పల్చబడతాయి. ఉండ రాపిడికీ దగ్గు ఒత్తిడికీ బూజు వదిలే పదార్థాలకూ అవి చిట్లుతాయి.

బూజు వదిలే పదార్థాల వల్ల మనకు ఒక మేలు కూడా ఉంది. వాటిని పట్టుకుని జబ్బును గుర్తించవచ్చు. పెరుగుతున్న ఆస్పర్జిల్లస్ తన గోడలోని గాలాక్టోమానన్ అనే చక్కెర గొలుసును రక్తంలోకీ కళ్ళెలోకీ వదులుతుంది. రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారిలోలా బూజు ఊపిరితిత్తిలోకి చొచ్చుకుపోయే తీవ్రమైన జబ్బులో ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. మీ నాన్నగారిలాంటి నిదానమైన జబ్బులో రక్తంలో గాలాక్టోమానన్ తరచు కనబడదు, కాబట్టి అది నెగెటివ్ వచ్చిందని జబ్బు లేదనుకోకూడదు. బ్రాంకోస్కోపీలో, అంటే సన్నని గొట్టం పంపి చూసే పరీక్షలో, ఊపిరితిత్తి కడిగి తీసిన నీటిలో చేస్తే కొంత మెరుగు. ఈ జబ్బుకు వెన్నెముకలాంటి పరీక్ష ఆస్పర్జిల్లస్ ఐజీజీ, అంటే బూజు మీద మన ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీని కొలిచే రక్తపరీక్ష. మూడు నెలలకు మించిన లక్షణాలు, సీటీలో తొర్ర లేదా ఉండ, ఐజీజీ పాజిటివ్, వేరే కారణం లేదని నిర్ధారణ, ఈ నాలుగూ కలిస్తే దాన్ని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల ఆస్పర్జిల్లోసిస్ అంటాం. మీరు పంపిన కాగితాల్లో ఐజీజీ లేదు. మొదట చేయించవలసింది అదే. దానితోపాటు కళ్ళెను టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకూ, టీబీ కల్చర్‌కూ, ఫంగల్ కల్చర్‌కూ పంపాలి, ఎందుకంటే రెండు జబ్బులూ ఒకేసారి ఉండే అవకాశం తక్కువే అయినా లేకపోలేదు.

టీబీ మందుల గురించి నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక వ్యవసాయ కూలీ మా దగ్గరికి వచ్చింది. అంతకుముందే ఆమెకు వేరొక చోట మూడుసార్లు టీబీ మందులు ఇచ్చారు. మొదటిసారి కళ్ళెలో క్రిములు ఉన్నాయి. తరువాతి రెండుసార్లూ క్రిములు లేకపోయినా, ఎక్స్‌రేలో మచ్చ ఉందనీ రక్తం పడుతోందనీ మొదలుపెట్టారు. ప్రతిసారీ రెండు మూడు నెలలకు కొంచెం తేలికపడేది, ఆపగానే మళ్ళీ మొదలయ్యేది. మూడోసారి మందులకు కాలేయం దెబ్బతిని కామెర్లు కూడా వచ్చాయి. ఆమె పాత ఎక్స్‌రేలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చింది. వరుసగా వెలుగుకు ఎత్తిపట్టి చూస్తే, తొర్ర గోడ ఏటికేడు దళసరెక్కడం, చివరి మూడు ఫిల్ముల్లో తొర్రలో ఉండ ఏర్పడి పెరగడం స్పష్టంగా కనబడ్డాయి. ఐజీజీ చాలా ఎక్కువగా వచ్చింది. రెండుసార్లు ఆమె తప్పు మందులు మింగింది. ఎవరూ ద్వేషంతో చేసినది కాదు, ‘రక్తం పడితే టీబీ’ అనే అలవాటు అంత బలంగా పాతుకుపోయింది. అందుకే మీ నాన్నగారి పాత ఎక్స్‌రేలు, స్కాన్లు ఏవి దొరికితే అవి, తొమ్మిదేళ్ళనాటివైనా సరే, తీసుకెళ్ళండి. పాత ఫిల్ముకు మించిన సాక్ష్యం లేదు.

టీబీ మందులు ఊరికే మొదలుపెట్టకూడదనడానికి ఇంకో కారణం రిఫాంపిసిన్. మూత్రాన్ని ఎర్రగా మార్చే ఆ మాత్ర కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి, ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ వంటి ఫంగస్ మందులను రక్తంలో దాదాపు లేకుండా చేస్తుంది. రెండూ కలిపి ఇస్తే ఫంగస్ మందు మింగినా మింగనట్టే. టీబీ నిజంగా రుజువైతే అప్పుడు మందుల కూర్పే మార్చాలి, దాన్ని అనుభవమున్న చోట చేయించాలి.

చికిత్సలో మొదటి మందు సాధారణంగా ఇట్రాకొనజోల్, పెద్దవారికి 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. కనీసం ఆరు నెలలు ఇవ్వాలన్నది పాత లెక్క. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వైద్యులు 2022లో ప్రచురించిన పరిశీలనలో, ఆరు నెలలు వాడినవారికన్నా 12 నెలలు వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం బాగా తక్కువని తేలింది. కాబట్టి రెండు నెలలకు దగ్గు తగ్గిందని ఆపేయవద్దు. మామూలు క్యాప్సూల్ కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటపడుతుంది. అందువల్ల భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి, గ్యాస్ మాత్రలు మానేయాలి లేదా డాక్టరును అడిగి సమయం మార్చుకోవాలి. మన ఇళ్ళలో పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం కాఫీ తాగినంత మామూలైపోయింది గనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. రెండు వారాల తరువాత రక్తంలో మందు మోతాదు కొలిపించగలిగితే చాలా మంచిది. కాళ్ళవాపు, బీపీ పెరగడం, పొటాషియం తగ్గడం కనబడవచ్చు, గుండె బలహీనత ఉన్నవారికి ఈ మందు పనికిరాదు. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడుతుంటే ఆపాలి, రెండూ కలిస్తే కండరాలు దెబ్బతింటాయి. ఆయాసానికి బుడెసొనైడ్ ఇన్హేలర్ వాడుతుంటే తప్పకుండా చెప్పండి. ఇట్రాకొనజోల్‌తో కలిసినప్పుడు ఆ కొద్ది స్టెరాయిడే ఒంట్లో పేరుకుని ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం చూశాను. ఇట్రాకొనజోల్ పడకపోతే వొరికొనజోల్ ఇస్తారు. దానితో ఎండకు చర్మం కమిలిపోతుంది, కాబట్టి మన ఎండల్లో కల్లం పని ఆ కాలంలో పూర్తిగా మానాలి.

మాత్రలతో ఉండ కరిగిపోతుందని ఆశపెట్టుకోవద్దు. మందు చుట్టుపక్కల జబ్బును అదుపుచేసి, బరువు పెరిగేలా, దగ్గు తగ్గేలా చేస్తుంది. ఉండ ఒకే చోట ఉండి, మిగతా ఊపిరితిత్తి బాగుండి, శ్వాస పరీక్షలో బలం సరిపోతే, ఆ భాగాన్ని ఆపరేషన్‌తో తీసేయడమే శాశ్వత పరిష్కారం. మీ నాన్నగారి వయసు దానికి అడ్డు కాదు. టీబీ వల్ల ఊపిరితిత్తి పైపొర పక్కటెముకలకు అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి ఇది తేలిక ఆపరేషన్ కాదు, ఇలాంటివి తరచు చేసే సర్జన్‌ దగ్గరే చేయించాలి.

కల్లం పనికీ ఈ జబ్బుకూ సంబంధం లేదా అంటే, పూర్తిగా లేదనలేను. తొర్ర ఉన్న మనిషి బూజు ధూళిలో గంటలు గంటలు పనిచేస్తే ఎక్కువ సిద్ధబీజాలు లోపలికి వెళతాయి, కాబట్టి ఇకమీదట బస్తాలు దులపడం, తాలు ఏరడం, గడ్డివాము కదపడం, పెంట ఎత్తడం మానిపించండి. తప్పనిసరైతే తువ్వాలు చుట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు కావాలి. ఇంకో సంగతి రైతులందరూ తెలుసుకోవలసినది. మిర్చిలో బూడిద తెగులుకూ కాయకుళ్ళుకూ కొట్టే టెబుకొనజోల్, డైఫెనొకొనజోల్ వంటి మందులూ, మనుషులకిచ్చే ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ మాత్రలూ ఒకే కుటుంబానికి చెందినవి, బూజులోని ఒకే ఎంజైము మీద దాడి చేస్తాయి. పొలంలో ఆ మందులకు అలవాటుపడి, మనిషి మాత్రలకు కూడా లొంగని ఫ్యూమిగేటస్ మొదట నెదర్లాండ్స్‌లో బయటపడింది. ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు అదే రకాన్ని మన దేశపు నేలల్లోనూ కనుగొని 2012లో ప్రచురించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితాలో ఫ్యూమిగేటస్‌ను మొదటి వరుసలో చేర్చడానికి ఇదొక కారణం. మూడు నెలలు సరిగా మందు వాడినా గుణం లేకపోతే, కల్చర్‌లో పెరిగిన బూజు మీద మందు పనిచేస్తుందో లేదో పరీక్షించమని అడగండి.

‘ఇది కరోనా నాటి బ్లాక్ ఫంగసేనా’ అని మీ అమ్మగారు భయపడుతున్నారని రాశారు. కాదు. 2021లో తెలుగు రాష్ట్రాలను వణికించింది మ్యూకరేల్స్ వర్గానికి చెందిన బూజు, ముఖ్యంగా రైజోపస్. దానిలో నల్లగా ఉండేది బూజు కాదు, రక్తం అందక చచ్చిపోయిన కణజాలం. అది చక్కెర అదుపు తప్పినవారిలో, స్టెరాయిడ్లు ఎక్కువైనవారిలో రోజుల్లోనే రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతుంది. దాని మీద వొరికొనజోల్ పనిచేయదు, గాలాక్టోమానన్ పరీక్షలో అది కనబడదు. అది తయారుచేసే మ్యూకోరిసిన్ అనే విషం, ఆముదం గింజల్లోని రైసిన్‌ను పోలి ఉంటుందని 2021లో తేలింది. మీ నాన్నగారి ఉండ ఏళ్ళ మీద నిదానంగా పెరిగేది, దాని నడక వేరు.

చివరగా, ఇవాళే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచవలసిన విషయం. రక్తపు చారలు పడితే రెండు మూడు రోజుల్లో డాక్టరుకు చూపించవచ్చు. కానీ ఒకేసారి అర టీ గ్లాసుకు మించి రక్తం పడినా, గంట వ్యవధిలో మళ్ళీ మళ్ళీ పడినా, అర్ధరాత్రైనా ఆగకుండా బయలుదేరండి. ఆయన తొర్ర కుడివైపు ఉంది గనుక కుడివైపుకే తిప్పి పడుకోబెట్టండి, అలా చేస్తే రక్తం బాగున్న ఎడమ ఊపిరితిత్తిలోకి పారి ఊపిరి ఆడకుండా చేయదు. నీళ్ళు తాగించవద్దు, వీపు చరచవద్దు. రక్తం పలచబరిచే మాత్రలు, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ఆ చీటీ వెంట తీసుకెళ్ళండి. వెళ్ళే ఆసుపత్రిలో, తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి చిట్లిన ధమనిని మూసే సౌకర్యం, అంటే బ్రాంకియల్ ఆర్టరీ ఎంబొలైజేషన్ చేసే విభాగం ఉందో లేదో ఈ వారంలోనే ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబరు ఫ్రిజ్ మీద అతికించి ఉంచండి.